‘ఈ వయసులో రెక్కల రాకుమారులా?’ అంటున్నారు

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. గుంటూరులో ఒక జూనియర్ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి నిరుడు వేసవి సెలవులకు వస్తూ డ్రాగన్లు, యుద్ధవిద్యలు, ప్రేమ కలగలిసిన ఒక లావుపాటి ఆంగ్ల నవల తెచ్చింది. ఊరికే తిరగేద్దామని తీశాను. ఆ రాత్రి దీపం ఆర్పలేకపోయాను. అప్పటి నుంచి అటువంటివే వరుసగా చదువుతున్నాను. కళాశాల తెరిచాక జోరు తగ్గింది కానీ, ఈ వేసవి సెలవులు ఇవ్వగానే మళ్లీ మొదలైంది. ఒకప్పుడు మంచి కథాసంకలనాలు, విమర్శ గ్రంథాలు చదివినదాన్ని. ఇప్పుడు రెక్కలున్న రాకుమారుల కథలు చదువుతున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. మావారు ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అని నవ్వుతారు. మా అత్తగారు ఏమీ అనరు కానీ, నేను పుస్తకం పట్టుకున్నప్పుడే ఆవిడకు ఏదో ఒక పని గుర్తుకొస్తుంది. ఈ మధ్య పుస్తకానికి పాత కాలేజీ మ్యాగజైను అట్ట వేసి చదువుతున్నాను. పుస్తకం మూశాక ఇల్లూ మనుషులూ కాసేపు వెలవెలబోయినట్లు కనిపిస్తారు. అది మరీ భయపెడుతోంది. నేను బాధ్యతల నుంచి పారిపోతున్నానా? వీటిలో శృంగార సన్నివేశాలు కొన్ని చాలా బాహాటంగా ఉంటాయి. మా అమ్మాయీ ఇవే చదువుతోందని తలచుకుంటే ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: సోదరీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది పుస్తకానికి అట్ట మార్చి చదువుతున్నారన్న మాట. మీరు చదువుతున్నవి మంచి పుస్తకాలో కావో తరువాత మాట్లాడుకుందాం. ఒక అధ్యాపకురాలు, ఒక ఇంటి ఇల్లాలు, తన జీతంతో కొన్న నవలను తన ఇంట్లోనే దొంగచాటుగా చదువుకోవలసి వస్తే, దిద్దుకోవలసినది ఆమె అభిరుచి ఒక్కటేనని నాకు అనిపించడం లేదు. ఇందులో తప్పేమీ లేదని ఒక్క వాక్యంలో తేల్చివేయవచ్చు. కానీ అంతటితో మీ మనసు కుదుటపడదు. ఎందుకంటే ఇది తప్పా అని అడగడంతో మీరు ఆగలేదు, మిమ్మల్ని ఇంతగా లాగుతున్నది ఏమిటన్న ప్రశ్న కూడా ఉత్తరంలో అడుగడుగునా వినిపిస్తోంది.

ముందుగా, ఈ పిచ్చి మీ ఒక్కరిది కాదని తెలుసుకోండి. ప్రణయాన్నీ అద్భుత లోకాన్నీ సమపాళ్లలో కలిపిన ఈ నవలలను ఇప్పుడు రొమాంటసీ అంటున్నారు. సారా జె. మాస్ రాసిన ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ 2015 మే నెలలో వచ్చింది. రెబెక్కా యారోస్ రాసిన ‘ఫోర్త్ వింగ్’ 2023 మే నెలలో వచ్చింది. మీ వర్ణనను బట్టి మీ అమ్మాయి తెచ్చినది ఇదే అయివుంటుంది. ఆ వరుసలో మూడవ భాగం 2025 జనవరిలో విడుదలైనప్పుడు, తొలి వారంలోనే 25 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయని ప్రచురణకర్తలు ప్రకటించారు. ఈ నవలల ప్రచారంలో పెద్ద వంతు టిక్‌టాక్‌లో పాఠకులు పెట్టిన చిన్న చిన్న వీడియోలది. మన దేశంలో ఆ యాప్‌ను 2020 జూన్‌లోనే నిషేధించినా, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా ఆ గాలి మన ఆడపిల్లల హాస్టలు గదుల దాకా వీచింది. మీ ఇంట్లోకి వచ్చినది కూడా ఆ దారినే కావచ్చు.

ఇక ఆకర్షణ సంగతి. ‘ఫోర్త్ వింగ్’ కథానాయిక వయొలెట్‌ను కాస్త దగ్గరగా చూడండి. చిన్నప్పటి నుంచి గ్రంథాలయంలో పెరిగి, లేఖకుల శాఖలో చేరాలని చదువుకున్న పిల్ల. సేనాధిపతి అయిన తల్లి ఆమెను బలవంతంగా డ్రాగన్ల మీద స్వారీ చేసే యోధుల శాఖకు పంపుతుంది. ఆమె కీళ్లు బలహీనమైనవి; కొంచెం అటూ ఇటూ అయితే పట్టు తప్పుతాయి. రచయిత్రికి తనకే ఎహ్లర్స్-డాన్లోస్ అనే అటువంటి వ్యాధి ఉంది, తన అనుభవాన్నే కథానాయికకు ఇచ్చానని ఆమె చెప్పుకున్నారు. ఆ కళాశాలలో ప్రవేశ పరీక్ష ఏమిటంటే, లోయ మీదుగా కట్టిన ఇరుకైన రాతి గోడ మీద నడిచి అవతలికి చేరడం. జారితే ప్రాణం పోతుంది. ఆ గోడ మీద నడుస్తూ వయొలెట్ భయాన్ని అదుపులో పెట్టుకోవడానికి తాను బట్టీపట్టిన దేశచరిత్ర, భూగోళ విషయాలను వల్లెవేసుకుంటుంది. అక్కడ ఆమెను నిలబెట్టినది కండబలం కాదు, చదువు. అటువంటి పిల్లను అందరూ జడిసే ఒక నల్లని డ్రాగన్ ఏరికోరి ఎంచుకుంటుంది. ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు నిలబడి మోకాళ్లు అరిగిన ఒక గణిత అధ్యాపకురాలికి ఈ ఘట్టం ఎందుకు నచ్చిందో నేను వేరే వివరించనక్కరలేదు. రెక్కల రాకుమారుడు తరువాతి మాట. బలహీనురాలని అందరూ లెక్కగట్టిన మనిషి తనకున్న తెలివితోనే నెగ్గుకు రావడం, ఆమె తీసుకున్న నిర్ణయం వల్ల రాజ్యాల తలరాతలు మారిపోవడం, ఇవి ముందు మాటలు. మన రోజువారీ నిర్ణయాలు పప్పులోకి మామిడికాయా చింతపండా అన్న దగ్గర ఆగిపోతున్నప్పుడు ఆ బరువైన నిర్ణయాల రుచి మరీ తెలుస్తుంది.

రెండవ ఆకర్షణ ముగింపు. కథకు ప్రేమే కేంద్రమై ఉండాలనీ, ముగింపు మనసుకు తృప్తినీ ఆశనూ ఇచ్చేదిగా ఉండాలనీ ప్రణయ నవలకు పాశ్చాత్య ప్రచురణ రంగంలో స్థిరపడిన నియమం ఒకటుంది. చివర ఏం జరుగుతుందో తెలిసిన కథను చదవడం తెలివితక్కువ పని అని విమర్శకులు అంటారు. సీతమ్మ లంక నుంచి తిరిగి వస్తుందని తెలిసే మన పెద్దలు ఏటా నవరాత్రి పందిళ్లలో కూర్చొని హరికథలు విన్నారు. వాళ్ల తెలివిని ఎవరూ శంకించలేదు. రోజంతా ఏం జరుగుతుందోనన్న ఆదుర్దాలోనే గడిపే మనిషికి, అంటే ఒక ఫలితాల తేదీ కోసమో, ఒక వైద్యపరీక్ష నివేదిక కోసమో, పిల్ల ఇంటికి చేరానని చేసే ఫోను కోసమో ఎదురుచూస్తూ బతికే మనిషికి, చివరకు అంతా సర్దుకుంటుందన్న హామీ చిన్న విషయం కాదు. ఆ హామీ ఉన్నందువల్లనే మధ్యలో వచ్చే భయాన్నీ దుఃఖాన్నీ కూడా నిశ్చింతగా అనుభవించగలుగుతాం.

ఒకప్పుడు చదివిన ఉత్తమ సాహిత్యం ఎక్కడ, ఇవి ఎక్కడ అని మీరు కుంగిపోతున్నారు. ఆ ఉత్తమ సాహిత్యపు అలమరలో పై అరన ఉన్న ‘మనుచరిత్ర’ను ఒకసారి దించండి. నిత్యాగ్నిహోత్రాలతో, అతిథి సేవలతో ఇల్లు కదలని గృహస్థు ప్రవరుడు. వచ్చిన అతిథినల్లా ఏయే దేశాలు చూశారని అడిగి తెలుసుకుంటూ ఉంటాడు. ఒక సిద్ధుడు కాళ్లకు పసరు పూస్తే హిమాలయాలకు ఎగిరిపోతాడు. కొండలూ సెలయేళ్లూ చూసి, మధ్యాహ్నం కాగానే, మిగిలినవి తరువాత చూడవచ్చునని ఇంటి దారి పట్టబోతాడు. తీరా చూస్తే మంచుకు పసరు కరిగిపోయింది. అక్కడ అప్సరస వరూధిని, ఆమె మోహం, అతని తిరస్కారం, అతని రూపం దాల్చి వచ్చిన మాయా ప్రవరుడు. అద్భుత లోకం, ప్రణయం, వేషధారణ, విరహం, ఏది తక్కువ? పెద్దన నాలుగైదు వందల ఏళ్ల క్రితం రాసిన ఈ కథకు ఇప్పటి నవలకు ఉన్న తేడా కవిత్వపు స్థాయిలో ఉందంటే ఒప్పుకుంటాను. అది ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. సరుకులో మాత్రం తేడా లేదు. పైగా మీ ప్రశ్నకు సమాధానం ప్రవరుడి దగ్గరే ఉంది. ఇల్లు అంటే విసుగు పుట్టి వెళ్లినవాడు కాడు అతడు. చూడాలన్న కోరిక ఒకవైపు, వేళకు తిరిగి రావాలన్న పట్టుదల మరొకవైపు, రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. మీరూ అంతే. కాకపోతే మీ పసరు మంచుకు కరగదు; సాయంత్రం పాలవాడు వచ్చే వేళకు మీరు ఇంట్లోనే ఉంటున్నారు.

మీవారి నవ్వు కూడా కొత్తది కాదు. మన అమ్మల తరం వారపత్రికల సీరియళ్లు చదివింది. సందు చివర అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకు ఇంతని చెల్లించి తెచ్చుకున్న నవలను ఇంటి పనులన్నీ తెమిలాక వంటింటి గుమ్మంలో కూర్చొని చదివింది. ఆ నవలల్లో నాయకుడు ఎత్తుగా, గంభీరంగా, పొడవాటి కారులో దిగేవాడు. మధ్యతరగతి అమ్మాయి ఆత్మాభిమానం ముందు అతని ఐశ్వర్యం తల వంచేది. అప్పుడు కారు, ఇప్పుడు రెక్కలు, వాహనం మారింది. ఆ పాఠకురాళ్లను అప్పటి మగవాళ్లూ, కొందరు విమర్శకులూ ఇలాగే ఎగతాళి చేశారు. అదే ఇళ్లలో, అదే వేసవిలో, మగవాళ్లు పడకకుర్చీలో కూర్చొని చదివిన అపరాధ పరిశోధక నవలలను ఎవరూ పిచ్చి అనలేదు. ఈనాడు రాత్రి పదకొండు వరకు క్రికెట్ మ్యాచ్ చూసే మనిషిని పారిపోతున్నాడని ఎవరైనా అంటున్నారా? మీవారు ఐపీఎల్ చూస్తారో లేదో నాకు తెలియదు. చూస్తే మాత్రం ఈ ప్రశ్నను సందర్భం చూసి, నవ్వుతూనే, ఒకసారి వాడుకోవచ్చు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. పాశ్చాత్య దేశాల్లో వేసవి నవల అంటే సముద్రతీరంలో ఇసుక మీద పడుకొని చదివేది. ప్రచురణకర్తలు ఇటువంటి నవలలను మే, జూన్ నెలల్లో మార్కెట్‌లోకి దించడం వెనుక ఆ సెలవుల లెక్క కూడా ఉంటుంది. మన వేసవి వేరు. కళాశాల మీకు సెలవు ఇస్తుంది కానీ ఇల్లు ఇవ్వదు. పైగా పిల్లలకు సెలవులు వచ్చాయంటే తల్లికి పని రెట్టింపు అయిందని అర్థం. హాస్టలు నుంచి పిల్ల వస్తుంది. ఆడపడుచుల పిల్లలు వస్తారు. ఆవకాయ ముక్కలు కొట్టించాలి, ముక్కలను గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, కారమూ ఆవపిండీ ఉప్పూ కొలవాలి, జాడీకి వాసెన కట్టాలి, మూడో నాడు మళ్లీ తిరగకలపాలి. ఎండ పోకముందే వడియాలు పెట్టాలి. రోహిణి కార్తె వడగాలికి తలుపులన్నీ మూసి, ఇంటిల్లిపాదీ కూలర్ ముందు నిద్రపోయే మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు, ఆ రెండు గంటలే మీ వేసవి సెలవులు. మీరు ఆ రెండు గంటల్లో ఎక్కడికో వెళ్లి వస్తున్నారు.

జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు 1984లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం మీకు పనికివస్తుంది. ఒక పట్టణంలో ప్రణయ నవలలు విపరీతంగా చదివే గృహిణులతో ఆమె మాట్లాడారు. కథల్లో ఏముందో వాళ్లు చెబుతారని ఆమె ఎదురుచూస్తే, వాళ్లు చదవడమనే పని గురించే ఎక్కువ చెప్పారు. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఆ సమయం తమదనీ, భర్తా పిల్లలూ ఆ కాసేపు తమను అడగకూడదనీ వాళ్ల భావం. ఇంటిలో అందరి ఆలనా పాలనా చూసే స్త్రీని, ఆమె అలసటనూ ఆకలినీ మౌనాన్నీ గమనించి చూసుకునేవారు ఆ ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ లోటును నవలలోని నాయకుడు తీరుస్తున్నాడని రాడ్‌వే అర్థం చేసుకున్నారు. మీరు చదివే నవలలకు ఈ మాటను అన్వయించి చూడండి. ఆ రాకుమారుడి అందం సంగతి అటుంచితే, అతడు చేసే అసలు పని ఏమిటి? నాయిక భోజనం చేయలేదని గమనిస్తాడు. ఆమె చేయి నొప్పిగా ఉన్నప్పుడు అడగకుండానే జీను కడతాడు. ఆమె మూడు వందల పేజీల క్రితం యథాలాపంగా అన్న మాటను గుర్తుపెట్టుకుంటాడు. రెక్కలు లేకుండానే చేయగలిగిన పనులే ఇవన్నీ.

అద్భుత కథలు పలాయనమన్న విమర్శకు ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ 1939లో చేసిన ఒక ప్రసంగంలో ప్రసిద్ధమైన సమాధానం చెప్పారు. చెరసాలలో ఉన్నవాడు ఇంటికి వెళ్లాలని తపిస్తే, అది కుదరక గోడల గురించి కాకుండా వేరే సంగతులు మాట్లాడుకుంటే, అతణ్ణి ఎందుకు తప్పుపట్టాలని ఆయన అడిగారు. యుద్ధభూమిని వదిలి పారిపోయిన సైనికుడితో ఆ ఖైదీని కలగలపవద్దని కూడా అన్నారు. గొప్ప మాటే కానీ, మీ ఇంటికి అది అతకదని నా అభిప్రాయం. మీది చెరసాల కాదు. ఉత్తరం నిండా ఆ మనుషుల మీద మీకున్న ప్రేమ కనిపిస్తూనే ఉంది. రాడ్‌వే వెలిబుచ్చిన సందేహమే మీ విషయంలో నాకు ఎక్కువ ఉపయోగంగా తోస్తుంది. ఇంట్లో దొరకవలసిన తీరిక, ఆదరణ పుస్తకంలో దొరికిపోతే, వాటిని ఇంట్లో అడిగే పట్టుదల సన్నగిల్లిపోదా అని ఆమె అనుమానించారు. పారిపోతున్నానా అన్న మీ ప్రశ్నను నేను ఆ వైపునుంచే చూస్తాను. మీరు బాధ్యతల నుంచి పారిపోవడం లేదు. అడగవలసిన మాటను అడగకుండా మాత్రం దాటవేస్తున్నారు.

కనుక నా సలహా ఇది. ముందు ఆ మ్యాగజైను అట్ట తీసివేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు చదువుకుంటానని, క్షమాపణ స్వరంతో కాకుండా మామూలు సమాచారంలాగా, భోజనాల దగ్గర అందరూ వినేలా చెప్పండి. ఆ వేళకు అత్తగారికి కావలసిన మందులూ మజ్జిగా ముందే అమర్చి, నాలుగింటి టీ మీవారు పెట్టేటట్లు మాట్లాడుకోండి. టీ పెట్టడం రాని మగవాళ్లు ఈ రోజుల్లో అరుదు, రాదని నటించేవాళ్లే ఎక్కువ. అత్తగారి విషయంలో కాస్త మెలకువ కావాలి. మీరు పుస్తకం తీసినప్పుడే ఆవిడకు పని గుర్తుకు రావడం మీ మీద కోపం వల్లనే కానక్కరలేదు. పుస్తకంలో మునిగిన కోడలు తనకు అందనంత దూరంలో ఉన్నట్లు తోచి ఉండవచ్చు. ఒక సాయంత్రం పూలు కడుతూనో, బియ్యం ఏరుతూనో, ఆ నవల కథను ఆవిడకు చెప్పి చూడండి. గుర్రానికి బదులు డ్రాగన్ ఎక్కే అమ్మాయి కథ, ‘కాశీమజిలీ కథలు’ విని పెరిగిన ఆ తరానికి మనకన్నా త్వరగా అర్థమవుతుంది. తరువాత ఏమైందని మరునాడు ఆవిడే అడిగినా ఆశ్చర్యపోకండి.

పుస్తకం మూశాక ఇల్లూ మనుషులూ వెలవెలబోయినట్లు కనిపించడం గురించి భయపడ్డారు. మ్యాట్నీ చూసి హాలు తలుపు తోసుకొని బయటకు వచ్చినప్పుడు ఎండకు కళ్లు చెదిరి వీధి కాసేపు కనిపించదు, ఇదీ అటువంటిదే. వెంటనే లేచి మనుషుల మధ్యకు వెళ్లకుండా, ముఖం కడుక్కొని, మొక్కలకు నీళ్లు పోసి, ఆ తరువాత మాటల్లో పడండి. అయితే ఆ వెలితి రాత్రిదాకా వదలకపోయినా, నిద్ర మానుకొని తెల్లవారేదాకా చదవడం అలవాటైనా, బంధువుల ఫోన్లు ఎత్తబుద్ధి కాకపోయినా, చదువుతున్నది కూడా ఆనందం ఇవ్వడం మానేసినా, అది నవలల వ్యవహారం కాదని గుర్తించి ఒక వైద్యురాలిని కలవండి. మీ వయసులో హార్మోన్ల మార్పుల వల్ల కూడా నిద్ర, మనసు రెండూ దెబ్బతినే అవకాశం ఉంది. భర్తను కథానాయకుడితో పోల్చుకోవడం సంగతికి వస్తే, ఐదు వందల ఏళ్లుగా బ్రహ్మచారిగా తిరుగుతూ, వంట, అద్దె, ఆదాయపు పన్ను ఏవీ పట్టని మనిషితో పోలిస్తే ఎవరి భర్త అయినా తేలిపోతాడు. ఆ పోలిక అన్యాయం. కానీ ఆ నాయకుడి ఏ చేష్ట మీ మనసును తాకిందో దానిని వేరుచేసి చూసుకోవడం అన్యాయం కాదు. రోజు ఎలా గడిచిందని అడిగి, సమాధానం వినేదాకా ఫోను పక్కన పెట్టడమే మీకు కావలసినదైతే, ఆ ఒక్క మాట మీవారితో సూటిగా చెప్పండి. అటువంటివి తమంతట తామే గ్రహించే పురుషులు నవలల్లోనే ఎక్కువ.

మీ అమ్మాయి విషయానికి వస్తాను. ఇంజనీరింగు చదువుతున్న పిల్ల ఏం చదవాలో మీరు నిర్ణయించే దశ దాటిపోయింది. ఆమె పుస్తకాలు తనిఖీ చేయకండి. కానీ ఇంటికి వచ్చే పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు ఇవి అందేలా ఉంచకండి. అట్ట మీది పూలనూ కిరీటాలనూ చూసి పిల్లల పుస్తకాలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. సారా మాస్ నవలను మొదట టీనేజీ పాఠకుల విభాగంలో విడుదల చేసిన ప్రచురణకర్తలే 2020లో దానిని పెద్దల విభాగంలోకి మార్చి మళ్లీ ముద్రించారు. నిజానికి ఆ శృంగార సన్నివేశాల కన్నా నన్ను ఎక్కువ ఇబ్బందిపెట్టేది ఈ నవలల్లో కొందరు నాయకుల తీరు. ఎత్తుకుపోవడం, బెదిరించడం, మరొకరితో మాట్లాడితే మండిపడడం, వీటన్నిటినీ గాఢమైన ప్రేమకు గుర్తులుగా చూపే పుస్తకాలు ఈ వర్గంలో తక్కువేమీ లేవు. అయితే ఆ దోషాన్ని గుర్తించి ఎత్తిచూపిన పుస్తకాలు కూడా ఇక్కడే ఉన్నాయి. సారా మాస్ వరుసలో, మొదటి భాగంలో నాయిక ప్రాణం పెట్టి ప్రేమించినవాడే రెండవ భాగంలో రక్షణ పేరిట ఆమెను భవనంలో బంధిస్తాడు; ఆమె అక్కడి నుంచి బయటపడుతుంది. మీరిద్దరూ ఆ పుస్తకం చదివి ఉంటే, అతడు మారుతున్నాడని నీకు ఏ పేజీలో అనుమానం వచ్చిందని మీ అమ్మాయిని అడగండి. ప్రేమలో ఎక్కడ జాగ్రత్తపడాలన్న విషయం మీద తల్లీకూతుళ్లు ముఖాముఖి మాట్లాడుకోవడం మన ఇళ్లలో ఎంత కష్టమో మీకు తెలుసు. మూడవ మనిషి కథ అడ్డు ఉంటే ఆ మాటలు తేలికగా వస్తాయి. శృంగార సన్నివేశాల ప్రస్తావన మీరు తేనక్కరలేదు. ఆమే తెస్తే ముఖం తిప్పుకోకండి.

చివరగా, ఈ వేసవిలో మిగిలిన రోజులకు ఏం చదవాలన్నది. ఈ వర్గంలో అన్నీ మంచివి కావు. ఒకదాని విజయం చూసి హడావుడిగా అచ్చువేసినవి, నాయిక పేరూ డ్రాగన్ రంగూ మార్చినవి కొల్లలుగా ఉన్నాయి. రెండు అధ్యాయాలు చదివాక వాక్యం మీకు నచ్చకపోతే మొహమాటపడకుండా పక్కన పెట్టండి. మీ పాత అభిరుచికి దగ్గరగా ఉండేది కావాలంటే నయోమీ నోవిక్ రాసిన ‘అప్‌రూటెడ్’ తీసుకోండి. పోలండ్ జానపద కథల నేపథ్యంలో, మనుషులను మింగే ఒక అడవికీ ఒక పల్లెటూరి పిల్లకూ మధ్య జరిగే ఈ కథకు, అద్భుత, వైజ్ఞానిక కల్పనలకు ఇచ్చే నెబ్యులా పురస్కారం వచ్చింది. ఒకే సంపుటంలో ముగుస్తుంది. పందొమ్మిదేళ్ల నాయికలతో విసుగెత్తితే టి. కింగ్‌ఫిషర్ రాసిన ‘స్వోర్డ్‌హార్ట్’ ఉంది. అందులో నాయిక ముప్ఫై దాటిన వితంతువు. ఆస్తి కోసం బంధువులు ఆమెను గదిలో పెట్టి తాళం వేస్తారు. గోడకు వేలాడుతున్న కత్తిని ఒరలోంచి లాగితే అందులోంచి ఒక యోధుడు ఊడిపడతాడు. ఆస్తి తగాదాలు, బంధువుల పెత్తనం, ఆపకుండా మాట్లాడే నాయిక, ఇవన్నీ మన ఇళ్లకు ఎంత దగ్గరో చదివితే మీకే తెలుస్తుంది. పూర్తికాని సిరీస్‌లతో మాత్రం జాగ్రత్తగా ఉండండి. ‘ఫోర్త్ వింగ్’ వరుసను ఐదు భాగాలుగా అనుకున్నారు. 2025 జనవరి నాటికి వచ్చినవి మూడే. నేను చెప్పిన సుఖాంతపు హామీ మధ్య భాగాలకు వర్తించదు. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట కథను ఆపివేస్తారు. అటువంటిదాన్ని సెలవుల చివరి వారంలో మొదలుపెట్టారంటే, జూన్‌లో పిల్లలకు పాఠం చెబుతూ మీ మనసు ఆ యుద్ధభూమిలోనే ఉండిపోతుంది.